జాజు డబ్బాలో ఉత్తరం

స్వేల్‌డేల్ లోయలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా, భార్య దగ్గర ఏదీ దాచని మగవాణ్ణి నేనొక్కణ్ణే దొరుకుతాను. పబ్బులో తాగిన గ్లాసులూ, గొర్రెల సంతలో పడిన తిట్లూ అన్నీ ఇంటికొచ్చి గుమ్మంలోనే దించేసేవాణ్ణి. నా పేరు సేత్ ఆల్డర్సన్. ఊరి బడిలో పదమూడేళ్లొచ్చేదాకా చదివాను, అందులో సగం కాలం కిటికీలోంచి గొర్రెలను చూడటమే. నా భార్య హెస్టర్ అదే బడిలో, అదే పికర్స్‌గిల్ మాస్టారి దగ్గర చదివి, ఆయనకే తప్పులు దిద్దేది. ఈ కథ ఆమెది. ఆమె లోపల ఏమనుకుందో నీకెలా తెలుసంటారా? ముసలితనంలో తను తీరిగ్గా చెప్పింది, నేను తీరిగ్గా విన్నాను. పడుచుతనంలోనే వినివుంటే ఈ కథే ఉండేది కాదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం. వేరే దేశాలవాళ్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి, దగ్గర దగ్గర అర్థాలున్న మాటల తేడా చెప్పే పుస్తకం ఒకటి లీడ్స్‌లో తయారవుతోంది. మాటకో చీటీ, చీటీకో వాక్యం రాసి పంపాలి. ఆ పని మాస్టారికి వచ్చింది. ఆయన దాన్ని తెచ్చి హెస్టర్ వంటింటి బల్ల మీద పెట్టారు. “నీ పేరు పెడితే, గొర్రెలవాడి పెళ్లాం రాసిందని పక్కన పడేస్తారమ్మా. నా పేరుతో పంపేద్దాంలే” అన్నారు. అది ఆయన దయ అనే అనుకుంది తను.

ఆ శరత్తులో ఆమె చేతికొచ్చిన కట్టలో కప్పడం, దాచడం గురించిన మాటలున్నాయి. ఇంగ్లీషులో వాటికేం కరువు లేదు. కవర్ అన్న మాట ముందు లొంగింది, ఎందుకంటే ఆమె రోజంతా చేసేది అదే. పిసికిన పిండి మీద తడిగుడ్డ, పాలగిన్నె మీద పళ్లెం, మా అమ్మ మోకాళ్ల మీద దుప్పటి, పడుకోబోయే ముందు పొయ్యిలో నిప్పు మీద బూడిద. కప్పడానికి వెతికేవాడితో పనిలేదు, లోపలిది పాడవకుండా ఉంటే చాలు అని రాసుకుంది. హైడ్ అలా కాదు, దానికి కళ్లున్న ఇంకో మనిషి కావాలి. కన్సీల్‌లో ముందాలోచన ఎక్కువ, అందుకే ఆ మాట వంటింట్లో కన్నా కోర్టులో ఎక్కువ వినిపిస్తుంది. డిస్గైజ్ చేసిన వస్తువు కళ్లెదుటే ఉంటుంది, కానీ ఇంకోలా కనిపిస్తుంది. అక్కడ ఆమె పెన్సిల్ ఆగిపోయిందట. తన వాక్యాలు మాస్టారి కోటు తొడుక్కుని లీడ్స్ వెళ్తున్నాయి, అదే కదా ఇది? మాస్టారి సంగతి సరే, ఇన్నేళ్లూ తను మాత్రం చేసిందేమిటి? తెలిసిన మాటను తెలియనట్టు అడిగింది. అత్త తప్పు చెబితే అవునంది. మొగుడు చదవలేని ఉత్తరాన్ని, నా కళ్లజోడు దొరకలేదు నువ్వే చదువు అని వాడి చేతికిచ్చి, వాడు తడబడిన చోటల్లా అది బయటపడకుండా దగ్గింది. తన తెలివికి అణకువ వేషం వేసి, ఆ వేషాన్నే అందరూ మెచ్చుకుంటుంటే సంతోషపడింది. ఈ ఆలోచన మీద కూడా ఓ తడిగుడ్డ కప్పేసి, బంగాళాదుంపల చెక్కు తీయడానికి కూర్చుంది.

మా మాటలు కూడా అలాగే ఉండేవి మరి. “మాటలతో కడుపు నిండుతుందా అమ్మాయ్? అటు చూడు, నీ మొగుడి బొటనవేలు మేజోడు చించుకుని లోకం చూస్తోంది” అనేది మా అమ్మ. “రాయనీ అమ్మా, ఆ చీటీలు పొయ్యి రాజేయడానికి పనికొస్తాయి” అనేవాణ్ణి నేను. అందరం నవ్వేవాళ్లం. హెస్టర్ కూడా నవ్వేది.

ఆమె పద్ధతి ఒకటుంది. రాసిన ప్రతి వాక్యమూ నాకు చదివి వినిపించేది. “ఇది మనుషులు అనే మాటేనా సేత్?” నేను కాదంటే చించేసేది. నా అంత తక్కువ చదివినవాడు ఆ పనికి లీడ్స్ అంతటా గాలించినా దొరికేవాడు కాదు.

నవంబరు వచ్చింది. పొట్టేళ్లను మందలోకి వదిలే కాలం. ఏ గొర్రె పొట్టేలుతో కలిసిందో తెలియడానికి పొట్టేలు రొమ్ముకు జాజు, అదే ఎర్రమట్టి రంగు, పూస్తాం, గొర్రె వీపు ఎర్రబడుతుంది. సాయంత్రం టీ తాగుతుంటే హెస్టర్ చీటీ తీసి చదివింది.

“అతను ఉత్తరాన్ని భార్యకు కనపడకుండా పరుపు కింద దాచాడు.”

“అలా ఎవడూ దాచడు” అన్నాను.

“ఏం?”

“పక్క ఎత్తేది ఆవిడేగా! బుద్ధున్నవాడైతే జాజు డబ్బాలో పెడతాడు. అందులో ఏ ఆడదీ చెయ్యి పెట్టదు.”

మా అమ్మ అల్లికసూదులు ఆగాయి. “అంత ఠక్కున ఎలా చెప్పావురా?”

హెస్టర్ చేతులు తుడుచుకుని కొట్టంలోకి వెళ్లింది.

ఇంక మొదట్లో కొట్టిన గొప్ప వెనక్కి తీసుకోక తప్పదు. ఆ ఉత్తరం అక్కడ పదకొండు రోజులుగా ఉంది. పుస్తకం పని చూసే మిస్ లిస్టర్ హెస్టర్ పేరున రాసింది. చీటీల్లో రాసినట్టు తడిగుడ్డ ఎంతసేపట్లో ఆరుతుందో పెళ్లికాని మాస్టారికి తెలిసే వీల్లేదనీ, గట్టిగా అడిగితే ఆయన నీ పేరు చెప్పారనీ, వారానికి రెండు రోజులు లీడ్స్ వచ్చి పనిచేస్తే పుస్తకంలో నీ పేరు వేస్తామనీ దాని సారాంశం. పోస్టుమాను నా చేతికిచ్చాడు, నేను విప్పి, కూడబలుక్కుని చదివాను. రెండు రోజులు! వంట ఎవరు, పాలు ఎవరు, అమ్మను చూసేదెవరు? ఈ ప్రశ్నలన్నీ ఒక్క క్షణంలో వచ్చేశాయి. హెస్టర్‌కి ఏం కావాలి అన్న ప్రశ్న మాత్రం పదకొండు రోజులైనా రాలేదు.

ఆమె మణికట్ల దాకా ఎర్రబడ్డ చేతులతో వచ్చింది. నిలబడే చదివింది, మడిచింది. అరుస్తుందనుకున్నాను.

“పారెయ్యలేదు, కాల్చలేదు, దాచావు. అంటే ఇది నాదని నీకు తెలుసన్నమాట” అంది.

“అమ్మని ఎవరు చూస్తారే?”

“నన్ను చూడటానికి నేనేమన్నా జాతర బొమ్మనా?” అంది మూల నుంచి మా అమ్మ. “దాన్ని వెళ్లనీ. ఇలాంటి కొడుకుని కన్నందుకు నాకూ కాస్త శిక్ష పడాలి.”

“మంగళవారం ఏడు గంటల బస్సు” అంది హెస్టర్. “పొద్దున్నే పిండి పిసికి వెళ్తాను.” ఉత్తరం జేబులో పెట్టుకుంది. “కాదు. పిండి నువ్వు పిసుకుతావు.”

ఆ మంగళవారం సంచి నేనే మోసుకెళ్లి, బస్సు మలుపు తిరిగేదాకా టోపీ తీసి నిలబడ్డాను. పద్నాలుగేళ్లు వెళ్లింది తను. ప్రతి బుధవారం సాయంత్రం తిరిగొచ్చేది, రాకుండా ఉండటం చేతకాక కాదు. నా మొదటి రొట్టెను మా అమ్మ గొడ్డలితో కోసింది. పుస్తకం మొదటి పేజీలో హెస్టర్ ఆల్డర్సన్ అని అచ్చుపడింది. హైడ్ అన్న మాట దగ్గర మాత్రం, అతను ఉత్తరాన్ని జాజు డబ్బాలో దాచాడు అని ఉంటుంది. లీడ్స్‌వాళ్లు సొరుగులో అని మార్చమంటే తను ఒప్పుకోలేదట. నా పేరు వేసినా నోరెత్తే హక్కు నాకు లేదు, అయినా అతను అని వదిలేసింది. ఎక్కడెక్కడివాళ్లో నా తప్పు చదివి ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. అందుకు ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

ఇందులో ఒకటి నా కల్పన. గొడ్డలి అనుకుంటున్నారేమో, అది నిజమే. సంచి నేను మొయ్యలేదు. ఆ పొద్దున కొట్టంలో గొర్రెల మధ్య అలిగి కూర్చున్నాను. సంచి తనే మోసుకుంది, బస్సు తనే ఎక్కింది, వెనక్కి తిరిగి చూసిందో లేదో కూడా నాకు తెలియదు.