సగం బానెట్

మా ఆడపడుచు కారు మా వాకిట్లో ఉందంటే చిన్న విషయం కాదు. ఆవిడ ఆఫీసుకు మా ఆయన తనంతట తాను వెళ్లి, "మా చెల్లికి కాస్త పని తగ్గించండి" అని సిఫార్సు చేసి వచ్చినప్పటి నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. ఆఫీసువాళ్లు నిజంగానే తగ్గించారు. ఆవిడకు రావలసిన పెద్ద బాధ్యతను ఇంకొకరికి అప్పగించారు. మొన్న ప్రయాణమవుతూ, "కారు మీ దగ్గర ఉంచుతాను వదినా" అని ఫోన్ చేసింది. నాకే లెండి, అన్నకు కాదు. ఆ మాత్రానికే ఈయన కాళ్లు నేల మీద ఆనలేదు.

ఊరుకోవచ్చుగా! నిన్న దుమ్ముగా ఉందని, కింద పడిన తువ్వాలునే దులపకుండా పట్టుకుని గుండ్రంగా రుద్ది రుద్ది కడిగారు. తువ్వాలుకు అంటిన ఇసుక తన పని తాను చేసుకుపోయింది. పొద్దున ఎండ పడేసరికి నల్లటి బానెట్ నిండా సాలెగూళ్ల లాంటి గీతలు.

ఆవిడేమో సాయంత్రం వస్తోంది. ఈయన కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వీధి చివర మెకానిక్‌ను బతిమాలి పాలిషింగ్ మెషిన్ తెచ్చారు.

"రంగు మీద సన్నటి పొర ఉంటుందట. గీతలు పోవాలంటే దాన్నే కాస్త అరగదియ్యాలట," అన్నారు.

"ముందు ఏ మూలో చిన్న ముక్క చేసి చూడండి."

"నాకు తెలుసులే."

తెలిసినాయన బానెట్ నడిమధ్య నిలువుగా కాగితపు టేపు అంటించి, ఎడమ సగం మీద పడ్డారు. మెషిన్ రొద పెడుతోంది. తెల్లటి పాలిష్ బానెట్ మీద కొంత, కళ్లద్దాల మీద కొంత. రంగు వేడెక్కిందేమోనని మాటిమాటికీ ఆపి తడిమి చూడటం, గేటు వైపు మెడ సాచటం, మళ్లీ మొదలుపెట్టటం. తుడిచి టేపు పీకితే ఎడమవైపు ఆకాశం మబ్బులతో సహా దిగింది. కుడివైపు సాలెగూళ్లు అలాగే ఉన్నాయి.

"ఇందాక వెతికితే కనిపించేవి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తున్నాయి," అన్నాను.

"నువ్వు లోపలికి పోతావా?"

పోయేలోపే గేటు చప్పుడైంది. సాయంత్రం రావలసిన మనిషి మధ్యాహ్నమే దిగింది. సంచి కింద పెట్టి బానెట్ వంక చూసింది.

"ఎవరిదీ నిర్వాకం?"

"దుమ్ముగా ఉందని కడిగానమ్మా. గీతలు పడ్డాయి. అందుకని..."

"నేను కడగమన్నానా?"

"నీ మంచి కోసమే కదా..."

"ఆఫీసుకెళ్లినప్పుడూ ఇదే మాట అన్నావు అన్నయ్యా."

మళ్లీ మాటలు మానేస్తే ఈసారి నాకూ ఫోన్ రాదు. ఈయన బొటనవేలు మెషిన్ స్విచ్ మీదే కదులుతోంది. సగంలో ఆపిన పని చూస్తే ఈయనకు తిండి సయించదు. నొక్కేస్తారనే అనుకున్నాను.

"మిగతా సగం చెయ్యనా?" అన్నారు.

పెళ్లయినప్పటి నుంచీ ఈ మనిషి నోట "చెయ్యనా" అన్న మాట నేను వినలేదు. ఆవిడా ఎన్నడూ విన్నట్టు లేదు. బానెట్ మీంచి చూపు తిప్పి అన్న వంక చూసింది.

"వద్దు."

ఈయన ప్లగ్ పీకేశారు. వైరు చుట్టేశారు. ఆవిడ తాళాలు తీసుకుని, సగం మెరుపుతోనే కారు వెనక్కి తీసి, అద్దం దించింది.

"ఆదివారం వస్తాను. అప్పుడు మళ్లీ అడుగు."

కారు మలుపు తిరిగింది. ఆదివారం దాకా ఆ చేతులు ఊరుకుంటాయా? మెషిన్ చంకన పెట్టుకుని మా ఫ్రిజ్ తలుపు వంక అదోలా చూస్తున్నారు.

"ముందు నన్నడగండి," అన్నాను.