మూడో గురువారం పరీక్ష

చక్కెర వెయ్యని కాఫీ మళ్ళీ పొంగుకొచ్చింది. అతియాత్ గిన్నె దించి చిన్న కప్పుల్లోకి వంచుతూ ముందుగదివైపు చెవి ఒగ్గింది. మొగుడు సబ్రీ ఇటుకల లారీ మీంచి పడి చనిపోయాక ఇది మూడో గురువారం. నలభయ్యో రోజు దాటేదాకా గురువారం గురువారం వీధిలోని ఆడవాళ్ళు నల్లబట్టలేసుకుని రావడం, చాపల మీద కూర్చుని చేదుకాఫీ తాగడం, పోయినవాడి మంచితనం చెప్పుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. మొగవాళ్ళకి వాకిట్లో బల్లలు. ఎందరొచ్చినా ఇల్లాలు కాదనకుండా కాఫీ పొయ్యాలి. ఇక ఆ ఇల్లాలికి ఏడ్చే తీరిక ఎక్కడిది?

ఏడుపు సంగతి అలా ఉంచితే, ఇవాళ ఆమె గుండెలో ఇంకో రాయి పడుంది. నాలుగింటికి కూతురు మయాదాకి పరీక్ష. పరీక్ష బడివాళ్ళిచ్చిన ట్యాబులో రాయాలి. ట్యాబు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి అత్తగారి మెళ్ళో ఉంది.

కిందటిసారి బడిలో పిల్లలంతా ఒక్కసారి ట్యాబులు తెరిచేసరికి నెట్టు చచ్చి ఊరుకుంది. అందుకని ఈసారి ఇంటి దగ్గరే రాయమన్నారు. నాలుగింటికి తెరుచుకుంటుంది, అయిదింటికి మూసుకుంటుంది. రాయనివాళ్ళకి ఏడాది పోయినట్టే. ఏడాది పోతే మయాదా చదువూ పోయినట్టే. తన స్నేహితుడి కుట్టుమిషన్ల షెడ్డులో పిల్లకి చోటు చూశానని మరిది రగబ్ ఇప్పటికే రెండుసార్లు అన్నాడు.

ట్యాబు బీరువాలోకి వెళ్ళింది ఏడో రోజున. చావింట్లో నలభై రోజులు టీవీ పెట్టరు, పాట వినరు. సబ్రీని మట్టిలో పెట్టిన రోజే టీవీ మీద నల్లగుడ్డ కప్పారు. పిల్లకి అంత ఆలోచన తోచలేదు, పాఠం వెనకబడుతోందని తెరిచింది. పాఠానికి ముందు డప్పూ తాళమూ వేసి ఓ సంగీతం వాయిస్తారు కదా, పిల్లల్ని హుషారు చెయ్యడానికి. అది గోడ దాటి పక్కింటి వహీబా చెవిలో పడింది.

"ఏం పెద్దమ్మా, మీ ఇంట్లో పెళ్ళిమేళం మోగితే హడిలిపోయా. సబ్రీ పోయి వారమే గదా అయింది?" అంది వహీబా, గోడ మీంచి మెడ సాచి.

అంతే. ముసలమ్మ తలెత్తుకోలేకపోయింది. ట్యాబుని నల్లగుడ్డలో చుట్టి బీరువాలో పడేసి తాళం బిగించింది.

"వెలిగేదీ, వాగేదీ, బొమ్మలు కదిలేదీ. టీవీ కాక ఇంకేందే ఇది?" అంది.

"పాఠాలు నానమ్మా," అంది మయాదా. "బళ్ళో రెండోసారి అడిగితే మాస్టారు విసుక్కుంటారు. ఇదైతే పదిసార్లు అడిగినా మొహం చిట్లించదు."

"మొహం ఉంటే గదా చిట్లించడానికి," అంది ముసలమ్మ.

నిజం చెప్పాలంటే అతియాత్‌కీ మొదట్లో ఆ ట్యాబంటే గిట్టలేదు. చదువంటే పుస్తకం ఉండాలి, చేతికి సిరా అంటాలి, వేలితో గీకితే వచ్చేది ఏం చదువని సణిగేది. అయితే లెక్కల్లో వెనకబెంచీ దాటని పిల్ల, ఇంట్లో పాఠాన్ని వెనక్కి తిప్పుకుని తిప్పుకుని విని, తరగతిలో లేచి జవాబు చెప్పిందని తెలిశాక నోరు మూసుకుంది.

అందుకే మొన్న, పిల్ల చేత కాగితం మీద రాయిస్తారేమో అడుగుదామని, బురఖా కప్పుకుని బడికి వెళ్ళింది. మొగుడు పోయినామె ఇల్లు కదలకూడని నాలుగు నెలల పది రోజుల గడువు తీరకుండా గడప దాటిందని వీధంతా నోళ్ళు నొక్కుకుంది. నొక్కుకోనీ అనుకుంది.

లెక్కల మాస్టారు వగీహ్ మంచివాడే, కూర్చోమని కుర్చీ లాగాడు. "కాగితం మీద రాయించే వీల్లేదమ్మా, పైనుంచి ఆర్డరు," అని గొంతు తగ్గించాడు. "నన్నడిగితే ఆ ట్యాబు ఉత్త దండగ. సగంమంది ఒకడి జవాబు ఇంకొకడు చూసి నొక్కుతారు. పిల్లని నా ట్యూషన్‌కి పంపు. అచ్చేసిన నోట్సు ఇస్తా. మనిషికి ఎనభై పౌండ్లు, నువ్వు డెబ్బై ఇవ్వు."

"నోట్సు చదివితే ట్యాబు లేకుండా పరీక్ష రాయనిస్తారా మాస్టారూ?"

"పరీక్ష దాంట్లోనే రాయాలి."

"మరి ఆ నోట్సు నాకెందుకు?"

ఉల్లిపాయల షెడ్డులో పొద్దంతా తోకలు కోస్తే ఆమెకి వచ్చేది నూట యాభై. విధవ గడువులో ఆ కూలీ కూడా లేదు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ట్యాబొచ్చాక ఆయన ట్యూషనూ సగమైందట. ఎవరి కడుపు వాళ్ళది.

ఇప్పుడు గోడ గడియారంలో ముల్లు నాలుగుకి దగ్గరపడుతోంది. మయాదా తలుపు పక్కన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. అతియాత్ పళ్ళెం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళి, అందరికీ కప్పులు అందించి, అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అత్తా, తాళంచెవి ఇయ్యి. గంటలో మళ్ళీ పెట్టేస్తాం. చప్పుడు కూడా రానియ్యదు పిల్ల."

"చప్పుడు లేకపోతే వెలుతురు రాదా? ఇంతమంది ముందు నా కొడుకు పరువు తియ్యమంటావా?"

"నీ కొడుకు కూతురి చదువు పోతంది అత్తా."

"నలబై నాళ్ళు ఆగలేని చదువు ఉంటే ఎంత, ఊడితే ఎంత?" ముసలమ్మ మెళ్ళో తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. "వాణ్ణి నవమాసాలు మోసింది నేనే తల్లీ. నాకింకేం మిగిలింది, ఈ నలబై నాళ్ళు తప్ప?"

అతియాత్‌కి కళ్ళు చెమర్చాయి. ముసలిది చెడ్డది కాదు. కడుపుకోత ఆమెది. ఆ మాటా నిజమే, కానీ గడియారం ఆగదు కదా.

అప్పుడే వాకిట్లో రగబ్ ఫోను మోగింది. రింగు కాదు, పాట. ఎవత్తో కులుకుతూ పాడుతున్న పాట. రగబ్ తీరిగ్గా జేబులోంచి తీసి, ఎవరు చేశారో చూసుకుని, ఎత్తి మాట్లాడాడు. చాపల మీద ఒక్కరూ తల తిప్పలేదు. వహీబా కాఫీ చప్పరిస్తూనే ఉంది.

అతియాత్ లేచింది. వంటింట్లోంచి ఉల్లికత్తి తెచ్చింది. ముందుగది మూలనున్న ఆ బీరువా ఆమె పుట్టింటివాళ్ళు పెళ్ళికి పెట్టింది. తాళం సందులో కత్తి దూర్చి ఒక్క గుంజు గుంజింది. పాత చెక్క, గొళ్ళెం మేకులతో సహా ఊడొచ్చింది.

"వొద్దమ్మా, బాబాయి చంపేస్తాడు," అంది మయాదా.

"నువ్వు రాయి. చావు సంగతి నేను చూసుకుంటా."

నల్లగుడ్డ విప్పి ట్యాబుని పిల్ల ఒళ్ళో పెట్టింది. తెర వెలిగింది. ఆ వెలుగు మయాదా మొహం మీద పడగానే గదిలో గుసగుసలు లేచాయి. "మొగుడి మట్టి తడారలేదే," అంది ఒకామె. "ప్రళయం దగ్గరపడింది," అంది ఇంకొకామె. ముసలమ్మ రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

గొళ్ళెం ఊడిన చప్పుడుకి రగబ్ గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మానికి తెర వేలాడుతోంది. పరాయి ఆడవాళ్ళు కూర్చున్న గదిలోకి మొగాడు అడుగు పెట్టకూడదు. తెర అవతలే నిలబడ్డాడు.

"వదినా, దాన్ని ఇట్టా ఇయ్యి."

"ఇయ్యను రగబూ."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతియాత్‌కే ఆశ్చర్యమేసింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ ఇంటి మొగవాళ్ళ దగ్గర ఆ మాట అని ఎరగదు.

"మా అన్న నలబై కూడా అవలేదు."

"మీ అన్నకి ఏడుస్తా. నలబై కాదు, నా ఊపిరున్నన్నాళ్ళూ ఏడుస్తా. పిల్ల మాత్రం రాస్తది. నీ ఫోను పాడితే తప్పు లేదు గానీ నా పిల్ల చదివితే తప్పా?"

తెర అవతలినుంచి రగబ్ గొంతు మెల్లిగా, అంతకు ముందుకన్నా భయపెట్టేలా వినిపించింది.

"సరే. ఆడాళ్ళు వెళ్ళనీ. లోపలికొచ్చి నేనే తీసుకుంటా."

గదిలో అందరూ విన్నారు. తగాదా ఇంట్లో ఇంకా కూర్చోవడమేమిటని ఒకామె లేచి ముసుగు సర్దుకుంది. ఆమెని చూసి ఇద్దరు లేచారు. సగం తాగిన కప్పులు చాపల మీదే ఉండిపోయాయి. మయాదా తలెత్తలేదు. పెదాలు కదుపుతూ మొదటి ప్రశ్న చదువుకుంటోంది.

అతియాత్ గుమ్మానికి అడ్డంగా నిలబడి అందరి మొహాలూ చూసింది.

"వెళ్ళకండి అక్కా. నా బిడ్డ రాసేదాకా ఇట్టాగే కూర్చోండి. మళ్ళీ కాఫీ పెడతా. ఎన్ని తిట్టుకుంటారో ఇక్కడే కూర్చుని తిట్టండి."

వహీబా అప్పటికే గుమ్మం దగ్గర ఒక కాలికి చెప్పు తొడిగింది. రెండోది చేతిలో ఉంది. తెర కింద కనిపిస్తున్న రగబ్ బూట్లని చూసింది. వెనక్కి తిరిగి పిల్లని చూసింది. చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె వెనక లేచినవాళ్ళు కూడా, ఆమె ఏం చేస్తుందో చూద్దామని, ఆగారు.