పన్నెండింటి దాకా గడువు

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఐరోపా సమాఖ్య నడిచే బ్రస్సెల్స్‌లో ఆ సగం బేరం లేదు, మౌనమంటే పూర్తి అంగీకారమే. అధ్యక్ష స్థానంలో ఉన్న దేశం ఒక ముసాయిదాను మిగతా దేశాలన్నిటికీ పంపి, ఫలానా రోజు పగలు పన్నెండు దాకా గడువిస్తుంది. ఆలోగా ఎవరూ ‘మాకు అభ్యంతరం’ అని ఒక్క ముక్క రాయకపోతే, అందరూ ఒప్పుకున్నట్టే. ఏడేళ్ళుగా ఇక్కడ మాల్టా తరఫున చేపల వ్యవహారాలు చూస్తున్నాను. చట్టాలన్నీ బల్లలు గుద్ది వాదించుకుంటూ చేస్తారని నమ్మేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఆ శుక్రవారం మాత్రం నవ్వు రాలేదు. చేపల వేటకు సముద్రంలో వదిలే సామగ్రి మీద కొత్త చట్టం వస్తోంది. అందులో చిన్న పడవలకు మినహాయింపు ఇచ్చే వాక్యం ఒకటి ఉండేది. కొత్త ముసాయిదాలో అది లేదు. మా గోజో దీవిలో ఖర్జూరపు మట్టలు తెప్పలా కట్టి, రాయి వేసి సముద్రంలో నిలుపుతారు. ఆ నీడకు లాంపూకి అనే చేపలు చేరతాయి. వాక్యం పోతే, వచ్చే ఆగస్టు నుంచి ఆ తెప్ప వదలడం నేరం. మా అన్నయ్య విస్టిన్‌కు అలాంటివి నలభై ఉన్నాయి. ఆయనకు మరో పని రాదు.

పొద్దున్నే ఫోన్ చేశాడు.

“జూజా, చెప్పావా?”

“ఇంకా లేదన్నయ్యా.”

“బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకే. మన దేశం పేరు రాసిన కుర్చీలో కూర్చునేది నువ్వేగా! రేవులో అందరికీ చెప్పేశాను, అక్కడ మా చెల్లుంది, భయపడకండ్రా అని.”

ఫోన్ పెట్టేసి మా రాయబారి బుహాజర్ గారి గదికి వెళ్ళాను. ఆయన మంచివాడు. అదే నాకొచ్చిన చిక్కు, నోరారా తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

“వాలెట్టాలో మంత్రిగారి నుంచి ఏమైనా వచ్చిందా సార్?”

“వచ్చిందమ్మా. నోరు విప్పొద్దని.”

ఐరోపా సంస్థ ఒకదాని కొత్త కార్యాలయం మా దేశానికి రావాలంటే ఒక పెద్ద దేశం ఓటు కావాలి. ఆ పెద్ద దేశానికేమో ఈ చట్టం ఈ నెలలోనే తెమిలిపోవాలి. మా మంత్రిగారు మాటిచ్చేశారు.

“రెండు వందల ఉద్యోగాలమ్మా,” అన్నాడాయన. “మీ అన్న పడవలో ఎంతమంది?”

“ముగ్గురు.”

ఆయన గెలిచినట్టు మొహం పెట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“నువ్వు రాస్తే అది మాల్టా రాసినట్టు, నువ్వు రాసినట్టు కాదు. నిమిషంలో నేను వెనక్కి తీసుకోవాలి. సాయంత్రం విమానానికి నువ్వు ఇంటికెళ్ళాలి. నా చేత ఆ పని చేయించకమ్మా.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సైప్రస్ తరఫున ఉండే లోయిజోస్‌ను వెతుక్కుంటూ కిందికి దిగాను. క్రొయేషియా అమ్మాయి తిహానాతో కలిసి కాఫీ తాగుతున్నాడు. వాళ్ళకూ చిన్న పడవలున్నాయి.

“మీరెందుకు అభ్యంతరం చెప్పరు?” అన్నాను.

“నీ కోసమే కూర్చున్నాం తల్లీ,” అన్నాడు లోయిజోస్. “మా ప్రభుత్వం మాకు రాసిందేంటంటే, మాల్టా చెబితే మీరూ చెప్పండి, ముందు మాత్రం మీరు చెప్పొద్దు.”

“మాకేమో సైప్రస్ కదిలితేనే కదలమని,” అంది తిహానా.

పిల్లి మెడలో గంట కట్టడానికి మూడు దేశాలు సిద్ధంగా ఉన్నాయి, ముందు చెయ్యి చాపే దేశమే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఐరోపా పార్లమెంటు వాళ్ళు ఏమంటున్నారు?”

“వాళ్ళకా వాక్యం ఇష్టమే. ముసాయిదా మొదట రాసిన కమిషన్‌కూ అభ్యంతరం లేదు. ఇక మిగిలింది దేశాలన్నీ కూర్చునే మన మండలే. మన వైపు నుంచి ఎవరో ఒకరు అడగాలి, అంతే.” లోయిజోస్ గొంతు తగ్గించాడు. “ఒక్క నిమిషం చాలు జూజా. నువ్వు పంపు, ఆ వెంటనే నేను పంపేస్తా. తర్వాత మీ వాళ్ళు వెనక్కి తీసుకుంటే తీసుకోనీ, నేను తీసుకోను. ముసాయిదా మళ్ళీ బల్ల మీదికి రావాల్సిందే.”

అంటే ఆ నిమిషం నా చేతిలో ఉంది. పదకొండున్నరకు నా గదికి వచ్చి రాశాను: ‘మాల్టాకు అభ్యంతరం ఉంది.’ మూడే మాటలు. అధ్యక్ష దేశం చిరునామా పెట్టాను. పక్క గదిలో బుహాజర్ గారు ఎవరితోనో పిల్లల చదువుల గురించి మాట్లాడటం వినిపిస్తోంది.

పదకొండూ యాభైకి లోయిజోస్ నుంచి కబురు: ‘ఏమైంది?’ యాభై ఆరుకి మళ్ళీ: ‘జూజా?’

వేలు మీట మీదే ఉంది. రెండు వందల ఉద్యోగాలు గుర్తొచ్చాయని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కానీ రాలేదు. నాకు భయమేసింది, అంతే. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నా అంతట నేను ఒక్క వాక్యం పంపలేదు. ఎలా పంపాలో చెయ్యికి తెలియలేదు.

పన్నెండు దాటి రెండు నిమిషాలకు ఉత్తరం వచ్చింది. ఏ దేశమూ అభ్యంతరం చెప్పలేదట, మండలి వైఖరి ఖరారైందట, అందరి సహకారానికీ కృతజ్ఞతలట. నేను రాసినదాన్ని చెరిపేశాను.

పావుగంటకు అన్నయ్య ఫోన్. వెనకాల రేవులో మనుషుల గోల.

“ఏమైందే?”

“ఆ వాక్యం రాలేదన్నయ్యా.”

గోల ఆపమని రేవులో వాళ్ళను కసిరాడు. తర్వాత, “ఎవడు ఆపాడు? పేరు చెప్పు,” అన్నాడు.

మంత్రిగారి పేరు చెప్పొచ్చు. బుహాజర్ గారి పేరు చెప్పొచ్చు. ఏది చెప్పినా పూర్తిగా అబద్ధం కాదు. నా పేరు గొంతు దాకా వచ్చింది.

“చెప్పలేవులే, ఉద్యోగం,” అన్నాడు అన్నయ్యే. “నువ్వెంత కొట్లాడి ఉంటావో నాకు తెలీదూ? ఏడవకు.” ఆ తర్వాత ఫోన్ పక్కకు తిప్పి రేవులో వాళ్ళతో అంటున్నాడు, “పోయిందిరా. అంతమంది మీద మా చెల్లి ఒక్కతే నోరు విప్పింది, పాపం. మిగతా వాళ్ళెవరికీ దమ్ము లేకపోయింది.”

నేను కాదనలేదు.