రెండు గ్లాసులకు గుప్పెడు తక్కువ

స్ట్రోక్ వచ్చాక మా అమ్మ నవోమికి మిగిలిన మాట ఒక్కటే. కాదు. టీవీ పెట్టనా అంటే కాదు, దుప్పటి కప్పనా అంటే కాదు. వద్దన్నా కాదే, కావాలన్నా కాదే. ముఖం చూసి మనమే తేల్చుకోవాలి. రేపల్లె మిషన్ స్కూల్లో ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి ఇన్ని మాటల్లోంచి ఆ ఒక్కటే ఎందుకు మిగిలిందో డాక్టర్లకు తెలియకపోవచ్చు గాని నాకు తెలుసు. చిన్నప్పుడు నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఇక్కడ అమెరికాలోనే ఫిబ్రవరిలో ఆస్పత్రి, ఆ తర్వాత ఐదు వారాలు రీహ్యాబ్. ఏప్రిల్ మొదట్లో ఎడిసన్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాం. కుడి చెయ్యి పడిపోయింది, ఎడమ చెయ్యి వణుకుతుంది. మింగడానికి ఏ ఇబ్బందీ లేదని పరీక్ష చేసి మరీ చెప్పారు. రీహ్యాబ్‌లో ఉప్పూ కారం లేని మాష్డ్ పొటాటో గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేసిన మనిషి ఇంటికొచ్చాక అన్నం మాత్రం ముట్టలేదు. అరటిపండు తినేది, పాలు తాగేది. అన్నం నోటి దగ్గరికి తీసుకెళ్తే పెదాలు బిగించేది. పప్పు కలిపినా, పెరుగు కలిపినా, జావలా మెత్తగా ఉడికించినా అదే వరస. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు తయారైంది మా ఇల్లు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో వంట అమ్మదే. నేను పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో క్వాలిటీ చూస్తాను. మా ఆయన జూడ్ రోజూ న్యూయార్క్ వెళ్ళొస్తాడు. ఇద్దరం ఇల్లు చేరేసరికి బల్ల మీద కంచాలు సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు నా చేతి అన్నం నచ్చక నోరు మూసుకుంటోందని, మాట పోయినా వంక పెట్టడం మానలేదని నా ఉక్రోషం.

మే నెలలో క్లినిక్‌లో బరువు చూశారు. నూట పన్నెండు పౌండ్ల మనిషి తొంభై నాలుగుకు వచ్చింది. మూడు వారాల తర్వాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. అప్పటికి ఇంకా తగ్గితే పొట్టలోకి ఫీడింగ్ ట్యూబ్ వేయక తప్పదన్నారు. అమ్మ ఆ మాట విన్నది. కార్‌లో వస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూసింది, కాదు అని కూడా అనలేదు. నాకు అప్పుడు భయం వేసింది.

ఇంటికి రాగానే పాత సూట్‌కేసులోంచి ఒక నోట్‌బుక్ తీశాను. అట్ట మీద 'పి. పర్సిస్, ఐదవ తరగతి' అని నా చిన్నప్పటి గుండ్రటి రాత. లోపల చివరి పేజీలో కొబ్బరన్నం ఉంది. అమ్మకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, నాకు నేర్పిన వంటా అదొక్కటే. తర్వాత నా చదువు చదువు అని నన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు.

రేపల్లెలో ఆదివారం మా ఇల్లు కొబ్బరితో తెల్లవారేది. నాన్న వాకిట్లో కాయలు కొట్టి చిప్పలు లోపల పెట్టేవాడు. నేను కోరాము మీద కూర్చుని కోరాలి. చిప్ప దాకా కోరితే పాలు నల్లబడతాయని అమ్మ పక్కనే కాపలా. కోరిన దాన్ని రోట్లో రుబ్బి, పల్చటి గుడ్డలో వేసి పిండితే మొదటిపాలు. మళ్ళీ వేడినీళ్ళు పోసి పిండితే రెండోపాలు. పొయ్యి మీద నెయ్యిలో లవంగాలు, చెక్క, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేగుతుంటే అమ్మ నాకు పరీక్ష పెట్టేది. పుదీనా ఎప్పుడు వెయ్యాలి, పాలు ఎప్పుడు పొయ్యాలి అని. తప్పు చెబితే కాదు అనేది, ఒప్పు చెబితే ఏమీ అనేది కాదు. గుడికి వెళ్ళి సండే స్కూల్లో కూర్చున్నా నా వేళ్ళ నిండా కొబ్బరి వాసనే. వాక్యం కంటే ఇంటి దగ్గర కోడికూర పక్కన మూత పెట్టి ఉన్న ఆ గిన్నె మీదే ధ్యాస.

ఒక్క పని మాత్రం నాకు ఇచ్చేది కాదు, బియ్యం కొలవడం. లోపలి గదిలో తనే కొలిచి చేటలో పోసుకుని వచ్చేది. ఎంత అని అడిగితే రెండు గ్లాసులని, దానికి మూడున్నర గ్లాసుల పాలని చెప్పింది. రాసుకుని కింద రెండు గీతలు కూడా కొట్టుకున్నాను. పేరు చెక్కించిన ఆ స్టీలు గ్లాసు అమ్మతోపాటే అమెరికా వచ్చింది.

మొదటి శనివారం వండాను. మా అమ్మాయి షెరిన్‌కి పదమూడేళ్ళు. అమ్మమ్మ కూడా చూడాలని వీల్‌చెయిర్‌ని వంటింట్లోకి తోసుకొచ్చి బల్ల పక్కన ఆపింది. నేను రెండు గ్లాసులు కొలిచి గిన్నెలో పోసి కడగబోతుంటే అమ్మ ఎడమ చెయ్యి మెల్లగా లేచి బియ్యంలోకి వెళ్ళింది. కాసిని గింజలు పట్టుకుని, వణుకుతూ బల్ల మీద పోసింది. కొన్ని కింద రాలాయి. మతి కూడా కొంచెం తప్పవచ్చని డాక్టర్ ముందే చెప్పి ఉన్నాడు. నేను ఆ గింజలు ఎత్తి గిన్నెలో పోసేసి, చంటిపిల్లకు చెప్పినట్టు అలా చెయ్యకూడదమ్మా అని చెప్పాను. అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అన్నం బిరుసుగా వచ్చింది. అమ్మ నోరు తెరవలేదు.

డబ్బా కొబ్బరిపాలది తప్పు అనుకున్నాను. రెండో శనివారం ఓక్ ట్రీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగి కాయలు తెచ్చి, మిక్సీలో వేసి, చేత్తో పిండి పాలు తీశాను. పాత బియ్యం కొత్త సంచీ కొన్నాను. అమ్మ చెయ్యి మళ్ళీ గిన్నెలోకి వెళ్ళింది, నేను మళ్ళీ ఆ గింజలు గిన్నెలోకే పోసేశాను. అన్నం మళ్ళీ బిరుసే. ఇంకో అరగ్లాసు పాలు పొయ్యకపోయావా అని జూడ్ అననే అన్నాడు. నోట్‌బుక్‌లో మూడున్నర అని ఉంటే నాలుగెలా పోస్తానని ఆయన మీద లేచాను. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ల్యాబ్‌లో దానికి నాకు జీతం కూడా ఇస్తారు. అమ్మ కంచం వైపైనా చూడలేదు. స్నానం చేయిస్తుంటే వీపు మీద ఎముకలు చేతికి తగిలాయి. బాత్‌రూమ్‌లో షవర్ చప్పుడులో కాసేపు ఏడ్చాను.

మూడో శనివారం. సోమవారం క్లినిక్‌కి వెళ్ళాలి. మళ్ళీ అవే కాయలు, అదే గ్లాసు. అమ్మ చెయ్యి లేచి బియ్యంలోకి వెళ్ళింది. నాలుగు గింజలు బల్ల మీద పడ్డాయి. చెయ్యి మళ్ళీ వెళ్ళింది. నేను విసుగ్గా ఆ గింజలు ఎత్తబోతుంటే షెరిన్ నా చెయ్యి పట్టుకుంది.

"మమ్మీ, మళ్ళీ పోయకు. అమ్మమ్మ మెస్ చేయట్లేదు. అది చర్చ్ రైస్."

నాకు అర్థం కాలేదు. షెరిన్ బిస్కట్ల బ్లూ టిన్ ఎక్కడని అడిగింది. తను స్కూల్ నుంచి వచ్చేసరికి అమ్మమ్మ రోజూ బియ్యం కొలుస్తూ ఉండేదట. కొలిచాక ఒక గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని, ఆ టిన్‌లో వేసి, తర్వాతే కుక్కర్‌లో పోసేదట. టిన్ నిండితే సంచీలో పోసి ఆదివారం గుడిలో వంట చూసే సత్యానందం అంకుల్‌కి ఇచ్చేదట. ఆ సంచీ నేనే కార్‌లో పెట్టేదాన్ని. ఆయన గిన్నెలేవో తిరిగి ఇస్తోందనుకునేదాన్ని. ఏనాడూ విప్పి చూడలేదు.

బ్లూ టిన్ సంగతి నాకు తెలుసు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అలమరా సర్దుతూ, ఎప్పటి బియ్యమో పురుగు పడుతుందని, టిన్‌తో సహా చెత్తలో పారేసింది నేనే.

అప్పుడు లోపలి గది గుర్తొచ్చింది. రేపల్లెలో బియ్యం డబ్బా పక్కన ఒక మట్టి పిడత ఉండేది. పూటపూటా కొలిచిన బియ్యంలోంచి దేవుడి గుప్పెడు అందులో పడేది. ఆదివారం ఆ బియ్యం గుడిలో బల్ల ముందు పోస్తే, సంఘపెద్దలు దాన్ని లేనివాళ్ళకు పంచేవాళ్ళు. ఒకరోజు ఆ గుప్పెడు నేను తీస్తానని మారాం చేశాను. అమ్మ నా చెయ్యి తెరిచి చూసింది. "కాదు. నీ చెయ్యి చిన్నది, దేవుడికి తక్కువవుద్ది. పెరగనీ" అంది. నేను అలిగి వెళ్ళిపోయాను, మళ్ళీ అడగలేదు. ముప్పై ఐదేళ్ళుగా గ్లాసు గుర్తుంది గాని గుప్పెడు మరిచిపోయాను. అమ్మ చెప్పిన కొలత గుప్పెడు తీశాక మిగిలిన బియ్యానికి. రోజూ చేసేది ఎవరైనా చెబుతారా, చెప్పలేదు. పాపం, ఇప్పుడు చెప్పాలన్నా ఉన్నది ఒక్క మాట. వంటింటికి ఎదురుగా హాల్లో కుర్చీలో కూర్చుని, నేను పూటపూటా డబ్బాలోంచి సరాసరి కుక్కర్‌లో పోసెయ్యడం చూస్తూ ఉండిపోయింది.

నేను గిన్నెని అమ్మకు దగ్గరగా జరిపి కింద చేట పట్టాను. ఎడమ చేత్తో గుప్పెడు కావడానికి ఆమెకు ఏడెనిమిదిసార్లు పట్టింది. చాలనుకున్నాక కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. షెరిన్ ఒక ఖాళీ సీసా కడిగి తుడిచి తెచ్చింది. బియ్యం అందులో పోశాం. మిగతా బియ్యం నేను వండాను, మూడున్నర గ్లాసుల పాలతోనే.

మూత తీస్తే రేపల్లె వాసన వచ్చింది. మెతుకు మెతుక్కీ అంటకుండా, వేలితో నొక్కితే వెన్నలా నలిగింది. ఉత్త అన్నమే ముద్ద చేసి అమ్మ నోటి దగ్గర పెట్టాను. అమ్మ నోరు తెరిచింది. రెండో ముద్దకూ తెరిచింది. తొమ్మిది ముద్దలు తిన్నది. అన్నం మెత్తబడినందుకో, గుప్పెడు తీసినందుకో నాకు తెలియదు. అది తేల్చడానికి ఇది ల్యాబ్ కాదు. చెయ్యి కడుక్కోవడానికి సింక్ దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడి ఏడ్చేశాను. షెరిన్ వెనక నుంచి వచ్చి నా నడుం పట్టుకుంది.

మర్నాడు గుడిలో సత్యానందం అంకుల్‌కి జరిగింది చెప్పాను. ఆరాధన అయ్యాక యూనివర్సిటీలో చదువుకునే పిల్లలకు భోజనం వండేది ఆయనే. మీ అమ్మగారి సంచీ మూడు నెలల నుంచి రావడం లేదని చూస్తూనే ఉన్నానని, ఆవిడ మంచంలో ఉంటే బియ్యం అడగడానికి నోరు రాలేదని అన్నారు. వెళ్ళేటప్పుడు ఆ నీలం టిన్ లాంటిదే ఒకటి వెతికి నా చేతిలో పెట్టారు.

సోమవారం క్లినిక్‌లో తొంభై నాలుగున్నర. నర్సు దాన్ని పెద్ద విషయంగా చూడలేదు, నేను మాత్రం రెండుసార్లు చదివించుకున్నాను. ట్యూబ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి నెల తర్వాత రమ్మన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి మామూలు అన్నానికే బియ్యం కొలిచాను. గిన్నె, కొత్త టిన్ను అమ్మ ముందు పెట్టాను. ఆమె చెయ్యి కదల్చలేదు. అలిసిందేమోనని, తను తీస్తానని షెరిన్ చెయ్యి చాచింది. అమ్మ ఆ చెయ్యి తెరిచి, తిప్పి చూసి, "కాదు" అంది. షెరిన్ మూతి ముడిచింది. నాకు నవ్వొచ్చింది.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు, గిన్నె దాకా నేనే వెళ్ళాను. గుప్పెడు తీశాను. అమ్మ చూసి "కాదు" అంది. నలభై ఐదేళ్ళొచ్చినా నా చెయ్యి చాలలేదు కాబోలు. మళ్ళీ ముంచి, వేళ్ళ సందుల్లోంచి గింజలు రాలేంత నిండుగా తీశాను. అమ్మ తన వణికే వేళ్ళను నా పిడికిలి మీద వేసి మూసింది, కళ్ళు కూడా మూసుకుంది. నేనూ మూసుకున్నాను. ఈసారి కాదు అనలేదు.