చొక్కా కుట్టే వరస

మా ఆరోగ్య కేంద్రంలో జ్ఞాపకశక్తి పరీక్ష నా నెత్తిన పడింది. డాక్టరుగారికి మనిషికి ఐదు నిమిషాలు కూడా దొరకవు. నర్సుకేదో బోలెడు తీరికున్నట్టు ఆ ప్రశ్నల కాగితం నా చేతిలో పెట్టారు. గడియారం బొమ్మ గీయాలట, వందలోంచి ఏడేసి తీసేసుకుంటూ పోవాలట. ఈ పేటలో ముసలివాళ్లు సగం మంది పెన్సిలు పట్టి ఎరుగరు. వాళ్లకి సున్నాలు వేసి ఇంటికి పంపడం నావల్ల కాదు. అందుకే ఆ కాగితంతో పాటు, ఎవరు చేసే పని గురించి వాళ్లనే అడుగుతాను.

ఆ రోజు దర్జీ దంపతులు వచ్చారు. చిన్న కొట్టు వాళ్లది. ఆయన కత్తిరిస్తాడు, ఆవిడ కుడుతుంది. ఈమధ్య తనకి మతిమరుపు ఎక్కువైందని ఆవిడే చెప్పుకుంది. ఆయన మెడలో టేపు కూడా తియ్యకుండా, ఆవిడనే చూస్తూ పక్కన కూర్చున్నాడు.

చొక్కా ఎలా కుడతారో వరసగా చెప్పమన్నాను. ముందు గుండీలు కుట్టి, కాలర్ వేసి, ఆ తర్వాత గుడ్డ కత్తిరించాలంది. నలభై ఏళ్లుగా మిషను తొక్కుతున్న మనిషి! ఎంత మరిచిపోయినా ఇంత చక్కగా తలకిందులు చెయ్యడం నేనెక్కడా చూడలేదు. నన్ను ఆటపట్టిస్తోందేమోనని ఒళ్లు మండింది.

పెద్దాయన ఉండబట్టలేక అందుకున్నాడు. "అలా కాదే. ముందు భుజాలు కలపాలి, కాలర్ వెయ్యాలి, తర్వాత..." అని ఆగిపోయాడు. మళ్లీ భుజాల దగ్గర మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగాడు.

"చేతులు," అంది ఆవిడ, ఆయనకి మాత్రమే వినబడేంత మెల్లగా. "తర్వాత పక్క కుట్లు."

నాకూ వినబడింది. కోపం ఎటు పోయిందో తెలీదు. బరువు చూస్తారని ఆయన్ని అవతలి గదికి పంపి, పెద్దమ్మా, మీకేం లేదు కదా అని అడిగాను.

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. రెండు నెలలుగా ఆయన చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరిస్తున్నాడట. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆవిడ మళ్లీ కత్తిరించి సర్దేస్తోందట. ఒకసారి చూపించుకుందాం అంటే ఇంతెత్తున లేచాడట.

"తనకంటే కదలడమ్మా," అంది. "నాకని చెబితే కొట్టు మూసి మరీ వచ్చాడు."

ఇద్దరికీ చెయ్యాలని చెప్పి, ఆ పూటే ఆయనకీ ప్రశ్నలన్నీ వేశాను, రక్తం తీయించాను. డాక్టరుగారి చెవిలో జోరీగలా చేరి, పెద్దాసుపత్రికి ఇద్దరి పేరా చీటీ రాయించాను.

మూడు వారాలకి ఫలితాలొచ్చాయి. ఆయనకి మతిమరుపు జబ్బు ఉంది, కానీ మొదట్లోనే దొరికింది. థైరాయిడ్ తగ్గడం వల్ల ఇంకాస్త ముదిరినట్టు కనిపిస్తోంది, దానికి మాత్ర ఉంది. కత్తెర ఆవిడకిచ్చి మిషను మీద ఆయన కూర్చుంటే కొట్టు ఇంకా చాలాకాలం నడుస్తుంది. ఇదంతా ఆయనకి చెప్పాల్సింది నేనే. అబద్ధమాడి తీసుకొచ్చినందుకు ఆయన ఇంకెప్పుడూ ఈ గడప తొక్కడేమోనని ఆవిడ భయం.

మతిమరుపు పెద్దమ్మకి కాదు, మీకు అని చెప్పాను. ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"అయితే నీకేం లేదా?"

లేదన్నట్టు తల ఊపింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"హమ్మయ్య," అన్నాడు నాతో. "మాత్రలెప్పుడు వేసుకోవాలో దీనికి చెప్పమ్మా. నేను మరిచిపోతాను."