గడ్డికొండ మీద ఇత్తడి ఈల

నేను ఇత్తడి ఈలను. కడుపులో చిన్న బెండు గుండు, నెత్తిన ఒక రింగు. ఇంతకు మించి నాలో మహిమ ఏదీ లేదు. ఊదితే కూస్తాను, ఊదకపోతే ఊరుకుంటాను. లేనిపోని శక్తులన్నీ నాకు అంటగట్టినవారు మనుషులే.

నా మొదటి యజమాని విజయనగరంలో డ్రిల్లు మాస్టారు సూరపరాజుగారు. ఆయన ఒక్క ఊపిరి నాలోకి వదిలితే మైదానంలోని పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయేవారు. దుమ్ము, చెమట, ఆయన నమిలే లవంగం వాసన: ఆ సాయంకాలాలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఒకనాడు ఆయన కూతురు వరూధిని నన్ను పెరట్లోకి తీసుకుపోయి, బుగ్గలు పూరించి ఊదింది. నాయనమ్మ చేతిలోని చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏటే అదీ! ఆడపిల్లవి ఈలేత్తావా? కొంపకి అరిష్టం కాదేటే!"

మాస్టారు అక్కడే ఉన్నారు. మైదానాన్నంతా ఆపగలిగిన మనిషి తన తల్లిని ఆపలేకపోయారు. నన్ను తీసి అటక మీద పెట్టారు. ఆ ఏడూ ఇల్లు ఎప్పటిలాగే వానాకాలంలో కారింది. అంతకు మించిన అరిష్టమేదీ నా దృష్టికి రాలేదు.

ఆయన పోయాక వరూధినిగారు నన్ను అటక మీంచి దింపి, చింతపండుతో తోమి మెడలో వేసుకున్నారు. బ్యాంకు ఉద్యోగం విరమించి, కొండలు నడిచే బృందంలో చేరిన రోజులవి. బృందానికి పెద్ద అయిన భాస్కరంగారు ఎక్కే ముందు ప్రతిసారీ చెప్పేవారు: "ఒంటరిగా ఎక్కడికీ పోవద్దు. మంచు కమ్మితే కదలొద్దు. ఉన్నచోటే కూర్చుని మూడేసి సార్లు ఈల ఊదండి." అందరూ తలలూపేవారు. తల ఊపడం మనుషులకు చాలా తేలిక.

పాడేరు పైనున్న గడ్డికొండల మీద, చెట్టూ చేమా లేని ఆ బయలులో, మరిచిపోయిన శాలువా కోసం ఆమె ఒంటరిగా వెనుదిరిగారు. "మీరు నడుస్తూండండి, వచ్చేస్తా" అన్నారు. అంతలో మంచు కమ్మింది. తడిగడ్డి మీద జారి చీలమండ బెణికింది. ఒక పక్క లోయ ఉంది. అది ఏ పక్కో తెలియదు. పొద్దు వాలుతోంది. ఎవరూ రాకపోతే ఆ తడిబట్టలతో, ఆ చలిలో తెల్లవారేదాకా బతకడం కష్టమని ఆమెకు తెలుసు.

"భాస్కరంగారూ!"

ప్రాణం మీదికి వచ్చినా 'గారు' విడవలేదు. గాలి ఆ పిలుపును మింగేసింది. అరిచి అరిచి గొంతు పోయింది. అంతసేపూ నేను ఆ గొంతుకు జానెడు దూరంలోనే వేలాడుతున్నాను. నన్ను పెదవుల దాకా తెచ్చి, చుట్టూ చూసి (ఆ మంచులో ఎవరు చూస్తారో!) మళ్లీ దింపేశారు.

చివరికి కళ్లు మూసుకుని ఊదారు. మొదటి కూత గుసగుసలా వచ్చింది. రెండోది కొంచెం గట్టిగా. మూడోదానికి నా బెండు గుండు మైదానపు రోజుల్లోలా గంతులేసింది. దూరంగా మరో ఈల బదులిచ్చింది. మేమిద్దరం అలా పలకరించుకుంటూండగానే మంచులోంచి టార్చిలైట్లు వచ్చాయి.

"ఇంతసేపూ ఊదలేదేమండీ? మెడలో ఉన్నది అలంకారానికా?" కంబళి కప్పుతూ భాస్కరంగారు కేకలేశారు.

"నాయనమ్మ వింటుందని..."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"పోయి చాలా ఏళ్లయిందండీ."

అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ ఆమె.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఆమె కొండలు మానేశారు. నేను హాల్లో కొక్కేనికి ఉంటాను. ఎదుటి గోడకు నాయనమ్మ పటం. ఆదివారం ఉదయం, బృందం బయలుదేరే వేళకు, ఆమె నన్ను తుడిచి, ఆ పటం ముందు నిలబడి గట్టిగా ఊదుతారు. నాకు మైదానపు దుమ్ము, లవంగం వాసన ఒక్కసారిగా గుర్తొస్తాయి. పక్కింటి కుక్క మొరుగుతుంది. గోడ మీది పెద్దావిడ మాత్రం ఇంతవరకు ఏమీ అనలేదు.