వంగండి దగ్గర ఆగిన డిస్కు

వ్యాయామం టీచరు క్లాసులో పెద్దగా నోరు విప్పదు. చెప్పేదంతా డిస్కే చెబుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఒక చిన్న స్టూడియోలో, సంగీతం మీద తన గొంతుతోనే లెక్కలూ సూచనలూ రికార్డు చేయించుకుంది. ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. మిగిలింది ఆ ఒక్క సీడీ. ఆ గొంతు ఎవరిదని క్లాసుకొచ్చే ఆడవాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే డిస్కు "ముందుకి వంగండి" దగ్గర చిక్కుకుపోయింది. వంగండి, వంగండి, వంగండి అని ఒకటే పాట. మిగతావాళ్లు నవ్వుతూ నిలబడిపోయారు గానీ, చెప్పిన మాట జవదాటని పెద్దావిడ మాత్రం అన్నిసార్లూ వంగింది. నడుం పట్టేసింది. ఇద్దరు పట్టుకుంటే గానీ కుర్చీలో కూర్చోలేకపోయింది.

టీచరుకి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి, ఎవరో చెప్పిన చిట్కా ప్రకారం డిస్కుకి టూత్‌పేస్టు రాసి రుద్దింది. అంతవరకూ ఒక్కచోటే ఆగే డిస్కు నాలుగు చోట్ల ఆగడం మొదలుపెట్టింది. ఇక లాభం లేదని తమ్ముడి రిపేరు షాపుకి పట్టుకెళ్లింది.

"పేస్టు పళ్లకక్కా, డిస్కులకి కాదు" అంటూ తమ్ముడు దాన్ని కడిగి, పాలిష్ మిషను మీద పెట్టి తిప్పాడు. అడుగువైపు గీతలు చాలావరకు పోయాయి. తర్వాత బల్బుకి అడ్డం పెట్టి చూశాడు. అంచు దగ్గర గుండుసూది మొనంత వెలుగు.

"కింద గీతలు పడితే అరగదియ్యొచ్చు. ఇక్కడ పైపొరే లేచిపోయింది. దీని మీద తాళాలగుత్తి పడేశావా?"

"పడేసే ఉంటాను."

"రికార్డయ్యేది ఆ పొరలోనే. డిస్కు లోపల్నుంచి అంచుకి పాడుతుంది కాబట్టి మొదటి సగం కాపీ తీసిస్తా. రెండో సగం మళ్లీ చెప్పాల్సిందే."

షట్టరు సగం దించి, మైకు పెట్టాడు. ఆమె ఒకప్పటిలా గొంతు సన్నం చేసి, హుషారుగా లెక్కపెట్టబోయింది. దగ్గొచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది.

"అక్కా, పిల్లి తోక తొక్కినట్టుంది. మామూలుగా చెప్పు."

ఆమెకు ఉక్రోషం వచ్చింది గానీ, మామూలుగానే చెప్పింది. తమ్ముడు ఆ గొంతు వెనక దరువు ఒకటి కలిపి కొత్త డిస్కు చేసిచ్చాడు.

నడుముకి బెల్టు కట్టుకుని పెద్దావిడ మళ్లీ క్లాసుకొచ్చింది. కొత్త డిస్కు ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడింది. అయ్యాక పెద్దావిడ చెమట తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"రెండో సగం మీ గొంతే కదండీ? ఊపిరి తీసుకునే వ్యవధైనా ఉంది. ఆ మొదటి పిల్లెవరోగానీ, వెనక కుక్కలు తరుముతున్నట్టు లెక్కపెడుతుంది. ఇన్నేళ్లూ దాంతో వేగలేక చచ్చామనుకోండి. తీసిపారేసి మొత్తం మీరే చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ పిల్ల నేనేనన్న మాట టీచరు నాలుక చివరిదాకా వచ్చింది.

"చూద్దాం లెండి" అంది.

సాయంత్రం మళ్లీ షాపుకెళ్లింది.

"మొదటి సగం బాగానే ఉందిగా, ఎందుకు మార్చడం?" అన్నాడు తమ్ముడు.

"తొందరెక్కువట."

అతను షట్టరు దించి మైకు పెట్టాడు. ఆమె ఒక గుక్క నీళ్లు తాగి, తీరిగ్గా ఒకటి నుంచి మొదలుపెట్టింది.